పాత వరస తీసేశాక

సుహాసిని రొయ్యలు వొలుస్తుంటే ఫోను మోగింది. చెయ్యి తడిగా ఉంది. చిటికెన వేలి కణుపుతో స్పీకరు నొక్కింది. పాతపట్నం నుంచి ధనలక్ష్మి.

"ఒసే సుహా, ఖాళీగా ఉన్నావేటి?"

"చెప్పక్కా."

"నా ఏళ్లకి ఏటో అయిపోనాదే."

వేళ్లకి దెబ్బ తగిలిందా అని అడిగింది సుహాసిని.

"దెబ్బా లేదు, వాపూ లేదు. పొద్దున్నే కూకున్నాను. తహసీల్దారు గారికి అని కొట్టాను. తెర మీద ఏదో సెత్త పడ్డాది. మళ్లీ కొట్టాను, మళ్లీ సెత్తే. ఇన్నేళ్లుగా కొడతన్న ముక్కే అది. ఏళ్లు మరిసిపోనాయనుకున్నాను. మా ఆయన డాక్టరు కాడికి పదమంటన్నాడు. పచ్చవాతం ఇలాగే మొదలవుతాదట."

"జనం ఉన్నారా?"

"సోమారం కదే, అర్జీల రోజు. లేకేటి? అందరూ ఎదురు కొట్టుకి ఎల్లిపోనారు. ఒక ముసిలామె మట్టుకు కదల్లేదు. నీ సేత్తో అయితేనే పనవుతాది అంటాది. సేత్తో అంటే సేత్తోనే అనుకొని పెన్ను అట్టుకొని రాసిచ్చాను." ధనలక్ష్మి నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగింది.

"మొన్న కంప్యూటరు నిన్నేమైనా అడిగిందా అక్కా?"

"అడిగినాది. కొత్తది వచ్చినాది, ఎక్కించమంటావా అన్నాది. నువ్వే కదా సెప్పినావు, అది అడిగితే సరే అను, దానికి ఎదురు సెప్పొద్దని. సరే అన్నాను."

సుహాసిని చేతిలోని రొయ్య తల తీసింది. వీపు మీద నరం లాగింది. చెత్త అన్న మాట విన్నప్పుడే ఆమెకు విషయం తెలిసిపోయింది. అక్కా, నీ వేళ్లకేం కాలేదు, నేను ఒకటి తీసేశాను, అని చెప్పాలి. మాట అంతే.

"ఆయన్ని అడిగి చెప్తానక్కా," అంది.

"మరిదిని అడగవే. ఆయనకి తెలుస్తాది."

ఫోను పెట్టేశాక మిగతా రొయ్యలన్నీ వొలిచింది. పొట్టు కాగితంలో చుట్టింది. శెనగపిండితో చేతులు రుద్దుకుంది. ఆయన్ని అడిగి అన్న మాట తన నోట్లోకి ఎలా వచ్చిందో ఆలోచించింది. వెతుక్కోనక్కర్లేకుండా వచ్చింది. గడియ తీస్తే తలుపు తెరుచుకున్నట్టు వచ్చింది.

ధనలక్ష్మి సుహాసిని పెద్దమ్మ కూతురు. టెక్కలిలో టైపు నేర్చుకుని తెలుగులో లోయరు, హయ్యరు పాసైంది. తహసీల్దారు ఆఫీసుకి ఎదురుగా రేకుల షెడ్డులో కూర్చుని అర్జీలు టైపు చేస్తుంది. మొదట మిషను ఉండేది. తర్వాత ఎవరో తీసేసిన కంప్యూటరు కొనుక్కుంది. దాంట్లో బజారులో దొరికే సిస్టమ్ ఏదీ నడవలేదు. ఆ ఏడు పుట్టింటికి వెళ్లినప్పుడు సుహాసిని దాంట్లో పాదు అనే సిస్టమ్ ఎక్కించింది. టైపు మిషను మీద అక్షరాలు ఏ వరసలో ఉంటాయో ఆ వరసే కీబోర్డుకి పెట్టింది. ధనలక్ష్మి కీబోర్డు వంక చూడకుండా ఒక అర్జీ కొట్టి చూసుకుంది. "ఇది మారదక్కా," అని చెప్పింది సుహాసిని. "నీ అక్షరాలు ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి. దీన్ని నమ్ముకో."

పాదు అనేది ఒక ఆపరేటింగ్ సిస్టమ్. దాన్ని అమ్మేవాళ్లు లేరు, జీతానికి చేసేవాళ్లు లేరు. ఒక్కొక్కరు ఒకటో రెండో సాఫ్ట్‌వేర్లు దత్తత తీసుకున్నట్టు తీసుకుని చూసుకుంటారు. దాంట్లో రెండు శాఖలున్నాయి. టెస్టింగ్ అనే శాఖలోకి కొత్తవి వస్తుంటాయి, విరుగుతుంటాయి, బాగవుతుంటాయి. స్టేబుల్ అనే శాఖలో తప్పులు దిద్దడం తప్ప ఏదీ మార్చరు. రెండేళ్లకోసారి టెస్టింగ్ తలుపు మూస్తారు. దాన్ని ఫ్రీజ్ అంటారు. ఆ వేళకి లోపల ఏది ఉంటే అది కొన్ని నెలలు దిద్దుకుని స్టేబుల్‌గా బయటికి వస్తుంది. వాళ్లలో వాళ్లకి జరిగే తగువులన్నీ ఇక్కడే. ఉన్నది పాతబడిపోతోందని కొందరు అంటారు. ఉన్నదాని మీద జనం బతుకుతున్నారని కొందరు అంటారు. ఇద్దరి మాటా నిజమే. సుహాసినికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. అత్తగారు సుభద్రమ్మ రోజూ అన్నానికి పాత బియ్యమే వండిస్తుంది, కొత్తవి ముద్దవుతాయని. పరమాన్నానికి మాత్రం కొత్తవే తీయమంటుంది. రెండు బస్తాలూ వంటగది మూల పక్కపక్కనే ఉంటాయి. అయితే ఈ సంగతి నలుగురికి చెప్పమని సుహాసినిని ఎవరూ అడగలేదు. చెప్పే పని రమేష్‌బాబుది.

రమేష్‌బాబు ఆమె భర్త. విజయనగరం బయట ఒక ఇంజినీరింగ్ కాలేజీలో లెక్చరరు. ఎవరో రాసిన తెలుగు టైపు సాఫ్ట్‌వేర్‌ని పాదుకి సరిపడేలా కట్టిన ప్యాకేజీ ఆయన పేరు మీద ఉంది. తీసుకున్న ఏడాదే ఆయనకి తీరిక లేకపోయింది. "నువ్వు ఎంసీఏ చేశావు కదా. మధ్యాహ్నం ఖాళీయే కదా," అన్నాడు. సుహాసిని పెళ్లికి ముందు విశాఖలో ఉద్యోగం చేసింది. మామగారు మంచాన పడ్డప్పుడు మానేసింది. ఆయన పోయాక మళ్లీ వెళ్తానంటే, "ఇప్పుడు నీకు జీతం తేవాల్సిన అవసరం ఏమొచ్చింది?" అన్నాడు రమేష్‌బాబు. అందులో కోపం లేదు. నిజంగానే అడిగాడు. అత్తగారు కునుకు తీసే వేళకీ టీ పెట్టే వేళకీ మధ్య సుహాసిని ఆయన లాప్‌టాప్ తెరిచేది. ఆయన పేరుతో లోపలికి వెళ్లేది. ఆయన పేరుతో ఉత్తరాలు రాసేది. తప్పులు దిద్దాక థాంక్యూ రమేష్ గారూ అని జవాబులు వచ్చేవి. సాయంత్రం ఆయన చదివి, "చూడు, జర్మనీ నుంచి ఎవడో మనకి థాంక్స్ చెప్పాడు," అనేవాడు. ఇంట్లో మనకి అనేవాడు. కాలేజీలో నాకు అనేవాడు.

ఇదంతా ఆమెకి బాధగానే ఉండేది. బాధపడే హక్కు ఉందని కూడా అనుకునేది. పోయిన ఫ్రీజ్ దాకా.

ఆ ఫ్రీజ్‌కి ముందు తెలుగు టైపు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు కొత్త వెర్షన్ విడుదల చేశారు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడుతుంది, సగం కొట్టగానే మిగతా మాట అదే చూపిస్తుంది. దాంట్లో టైపు మిషను వరస లేదు. ఎందుకు లేదని చూస్తే, వాడేవాళ్లు లేరు కాబట్టి తీసేశాం అని రాసి ఉంది. ఆ వరస వాడేవాళ్లెవరూ వాళ్లకి ఎన్నడూ ఉత్తరం రాయలేదు. రాసేవాళ్ల ఊళ్లు వేరు, కొట్టేవాళ్ల ఊళ్లు వేరు. పాత వెర్షన్ ఉంచేద్దామంటే దానికీ జబ్బులున్నాయి. కొత్త బ్రౌజర్లలో ఒత్తులు పక్కకి జారుతున్నాయి. దాన్ని దిద్దేవాళ్లు మానేశారు. చెయ్యాల్సిందేమిటో సుహాసినికి తెలుసు. కొత్తది పెట్టాలి. పాత వరసని విడదీసి, ఒత్తులు సరిచేసి, పక్కన ఇంకో ప్యాకేజీగా పెట్టాలి. వారం రోజుల మధ్యాహ్నాలు పడుతుంది.

ఆ వారం మామగారి సంవత్సరీకం పడింది. సాలూరు నుంచి, బొబ్బిలి నుంచి చుట్టాలు వచ్చారు. మధ్యాహ్నాలు లేవు. అంతకు ముందే రమేష్‌బాబు భోగాపురంలో టీచర్ల సమావేశానికి వెళ్లి, రాబోయే స్టేబుల్‌లో మాటలు అవే వస్తాయని వేదిక మీద చెప్పేశాడు. సంవత్సరీకం నాడు వంటగది గుమ్మం దగ్గరికొచ్చి, "ఫ్రీజ్ ఈ సాయంత్రమే. కొత్తది ఎక్కించెయ్," అన్నాడు.

"పాత వరస పోతుందండి. దాన్ని విడిగా కట్టలేదు."

"రెండెందుకు?"

"మా అక్కలాంటి వాళ్లు..."

"ఎంతమంది ఉంటారు? టైపు ముసలమ్మల కోసం దేశాన్ని ఆపుతావా?"

"కొత్తదే ఆపుదాం. ఈసారికి పాతదే పోనిద్దాం."

"మాటిచ్చాను కదా. అందరి ముందు నన్ను వెధవని చేస్తావా?"

లోపల్నించి సుభద్రమ్మ కేకేసింది. "అమ్మాయ్, గారెల పప్పు రుబ్బినావేటి? జనం కూకున్నారు."

సుహాసిని చేతులు కడుక్కుని గదిలోకి వెళ్లింది. లాప్‌టాప్ ముందు నిలబడే పని చేసింది. ఆఖరి మీట నొక్కే ముందు ఆగింది. ఎక్కించకుండా సాయంత్రం దాకా ఊరుకుంటే చాలు, తలుపు మూసుకుంటుంది. కరెంటు పోయిందనవచ్చు. ఎక్కించడం చేతకాలేదనవచ్చు. అప్పుడామెకి ఒక ఆలోచన వచ్చింది. పేరు ఆయనది కదా. రేపు ఎవరైనా తిడితే ఆయన్నే తిడతారు. ఆ ఆలోచన రాగానే ఆమె భుజాలు దిగాయి. హాయిగా అనిపించింది. మీట నొక్కి, వెళ్లి పప్పు రుబ్బింది. ఆ రోజు గారెలు బాగా వచ్చాయని అందరూ అన్నారు.

ఇప్పుడు పొయ్యి ముందు నిలబడితే ఆ హాయి గుర్తొచ్చింది. మొగుడి మాట, అత్తగారి కేక, వారం రోజుల చాకిరీ, అన్నీ నిజమే. ఎవరికి చెప్పినా అయ్యో అంటారు. ఆ హాయి సంగతి చెబితే ఎవరూ అయ్యో అనరు. తన పేరు లేకుండా చేశారని ఇన్నేళ్లు ఏడ్చిన మనిషి, ఆ లేకపోవడాన్నే చాటు చేసుకుని అక్క వేళ్లు విరిచింది. రొయ్యల్లో కారం వేసింది. ఉప్పు వేసిందో లేదో గుర్తు లేదు.

సాయంత్రం రమేష్‌బాబు వచ్చేసరికి పాదు వాళ్ల జాబితాలో ఫిర్యాదులు ఉన్నాయి. సాలూరులో లారీ ఆఫీసు గుమస్తా ఒకాయన, ఇంకెక్కడివాళ్లో ఇద్దరు. గుమస్తా తెలుగులోనే రాశాడు, అదీ ఎవరి ఫోనులోంచో. పొద్దున్నించి చీటీలు రాయలేకపోతున్నామని రాశాడు. రమేష్‌బాబు టీ గ్లాసు పట్టుకుని మంచం మీద కూర్చున్నాడు.

"రాయి," అన్నాడు. "పాత వరస వాడేవారు దాదాపు లేరు. దయచేసి కొత్త పద్ధతి నేర్చుకోగలరు. ఇట్లు రమేష్‌బాబు."

సుహాసిని మూడు మాటలు కొట్టి ఆగింది. "మా అక్క ఫోన్ చేసిందండి."

"పాతపట్నం ఆవిడా? నేర్చుకోమను. మా స్టూడెంట్స్ గంటలో నేర్చుకుంటారు."

"తనకి పక్షవాతం వచ్చిందనుకుంది."

రమేష్‌బాబు నవ్వాడు. టీ ఒలికి చొక్కా మీద పడింది.

సుభద్రమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. "నవ్వుతావేటిరా?" అంది. "పచ్చవాతమంటే నవ్వులాటేటి? మీ నాన్న కూడా ముందు గ్లాసు జారిడిసినాడు. మనం నవ్వినాం." ఇంకో కాయ తుంచింది. తర్వాత, "అమ్మాయ్, రొయ్యల్లో ఉప్పు లేదు," అంది.

"పాత వరసని విడిగా కడతాను," అంది సుహాసిని. "స్టేబుల్‌లో పెట్టమని అడుగుదాం."

"విడుదలయ్యాకా? శ్రీకాకుళం త్రిపురసుందరి గారు ఉన్నారే, స్టేబుల్ చూసే ఆవిడ, ఆవిడ దగ్గర సాగదు. ఒకవేళ ఒప్పుకున్నా, ఈ విడుదల బతికినన్నాళ్లు ఎవరు చూస్తారని అడుగుతుంది. ఐదేళ్లు. ఆ ముసలి కీబోర్డుని ఐదేళ్లు ఎవడు మోస్తాడు? నా పేరు పెట్టకు. నేను తప్పు చేశానని నేనే ఒప్పుకున్నట్టుంటుంది."

"తప్పు మీది కాదు."

"అదే కదా నేననేది. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లది తప్పు. అదే రాయి."

సుహాసిని తెర వంక చూసింది. పాత వరస వాడేవారు అన్నదాకా వచ్చింది. దాన్ని అక్షరం అక్షరం చెరిపేసి, ఉప్పు చూడాలని లేచింది.

తర్వాత మధ్యాహ్నాలు ఆమె పాత వరసని విడదీసి కట్టింది. జారే ఒత్తుల్ని సరిచేసింది. అంతా అయ్యాక, దీన్ని చూసుకునేవారు అన్న చోట పేరు రాయాలి. అక్కడ ఆగిపోయింది. పాదులో పేరు ఉండాలంటే ఉత్తరాలు చాలవు. సభ్యుల్లో ఒకరు నిన్ను ఎదురుగా చూడాలి. నీ కార్డు చేత్తో పట్టుకుని, ఈ మనిషి ఈ మనిషే అని సంతకం పెట్టాలి. రమేష్‌బాబు కోసం ఇద్దరు ఇంటికే వచ్చారు. ఆయన ఆధార్ కార్డు చేతుల మీదుగా తిరుగుతుంటే ఆమె బజ్జీల పళ్లెం పట్టుకుని నిలబడింది. "చెల్లెమ్మగారు కూడా కంప్యూటర్సేనా?" అని ఒకాయన అడిగాడు. "ఏదో, నాకు హెల్ప్ చేస్తుంది," అన్నాడు రమేష్‌బాబు. ఇద్దరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆమె కార్డు అప్పుడు అల్మారాలో ఉంది.

మర్నాడు తన పేరున ఒక ఈమెయిలు తెరిచి త్రిపురసుందరికి రెండు వాక్యాలు రాసింది. కొత్తగా చేరాలి, కార్డు చూపించడానికి ఎప్పుడు రమ్మంటారు అని. శుక్రవారం సాయంత్రం రమ్మని జవాబు వచ్చింది.

శుక్రవారం పొద్దున్నే వంట చేసి మూతలు పెట్టింది.

"ఎక్కడికేటి?" అంది సుభద్రమ్మ.

"అక్కని చూసొస్తాను అత్తయ్యా."

"సూసిరా. సేతులకి నువ్వుల నూనె రాయమని సెప్పు."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని చెప్పాల్సిన మాట అనుకుంది. అక్కా, తీసింది నేను. పాతపట్నం వచ్చేదాకా అదే అనుకుంది.

ధనలక్ష్మి షెడ్డు ముందు ఎవరూ లేరు. కంప్యూటరు మీద గుడ్డ కప్పి ఉంది. ధనలక్ష్మి బల్ల మీద కాగితం పరుచుకుని వేళ్లతో ఊరికే కొడుతోంది, మిషను నేర్చుకునే రోజుల్లోలా. సుహాసినిని చూసి చేతులు కిందికి దించేసింది.

"పరీచ్చ సూసుకుంటన్నాను," అంది. "గుర్తున్నాయో లేదో అని."

సుహాసిని పెన్‌డ్రైవ్ పెట్టి ప్యాకేజీ ఎక్కించింది. కుర్చీలోంచి లేచింది. "కొట్టు అక్కా."

ధనలక్ష్మి చీర కుచ్చిళ్లకి చేతులు తుడుచుకుని కూర్చుంది. కళ్లు మూసుకుని కొట్టింది. తెరిచి చూసింది. తహసీల్దారు గారికి అని ఉంది.

"ఓలమ్మ," అంది. చేతులు తిప్పి చూసుకుంది. "ఉన్నాయే. నా ఏళ్లు నాకాడే ఉన్నాయే." ఇంకో వరస కొట్టింది. ఇంకోటి. రోడ్డు మీద పోతున్న మొగుణ్ని కేకేసింది. "ఇటు రావయ్యా! డాక్టరూ గీక్టరూ, నీ ముకం! రా, సూడు!" తర్వాత కళ్లు ఒత్తుకుంది. "పది రోజుల బట్టి అన్నం సయించలేదే. ఈ పని పోతే నాకు ఇంకేటొచ్చు?"

సుహాసిని నోరు తెరిచింది.

"మరిది పంపినాడా?" అంది ధనలక్ష్మి. "నాకు తెలుసు. దేవుడు." లేచి లోపలికి వెళ్లి జీడిపప్పు పొట్లం తెచ్చింది. "ఇది మరిదికి. నీకు కాదు, ఆయనకి. ఇంత పని ఎట్టుకొని నా కోసం సేసినాడు. దండం ఎట్టానని సెప్పు."

సుహాసిని పొట్లం అందుకుంది. చెప్తానంది. తిరిగి బస్సెక్కింది. బస్సు కదిలాక పొట్లం ఒళ్లో పెట్టుకుంది. సంచిలో పెట్టబుద్ధి కాలేదు. తిరిగిచ్చేసే ధైర్యం లేకపోయినందుకు ఆ మాత్రం మొయ్యాలనిపించింది. పక్క సీటామె రెండుసార్లు చూసింది. ముఖం కొంగుతో తుడుచుకుంది సుహాసిని. చెమట లేదు.

శ్రీకాకుళం కాంప్లెక్సులో దిగి ఆటో ఎక్కింది. త్రిపురసుందరి పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. తలుపు తానే తీసింది. కూర్చోమని, మంచినీళ్లిచ్చి, కళ్లజోడు పెట్టుకుని కార్డు అడిగింది. ఫోటో చూసింది, ముఖం చూసింది.

"ఈ కార్డుల్లో ఎవరూ తమలా ఉండరు. మీరు కొంచెం ఉన్నారు. పరవాలేదు," అంది. పేరు పైకి చదివింది. "సుహాసిని. రమేష్‌బాబు గారి భార్యా?"

"అవునండి."

"ఆయన రాత నాకు ఇష్టం. ఒక మాట ఎక్కువుండదు. సభల్లో మాత్రం వేరే మనిషిలా ఉంటారు." కాగితం దగ్గరికి లాక్కుంది. "సరే. పాదులో ఇంతకు ముందు మీరు చేసిన పని ఏదైనా ఉందా? ఉంటే చెప్పండి, రాసుకుంటాను."

ఉంది. తొమ్మిదేళ్ల పని ఉంది. మొదటి ఏడాది సరిచేసిన ఫాంట్ల నుంచి మొన్న కట్టిన ప్యాకేజీ దాకా వరసగా చెప్పగలదు. దేనికి ఎవరు ఏమని జవాబిచ్చారో చెప్పగలదు. ఆవిడ మెచ్చుకున్న ఆ రాత ఎవరిదో చెప్పగలదు. చెబితే ఆవిడ నమ్ముతుంది. సగం నమ్మినట్టే ఉంది. తను ఇంత దూరం వచ్చింది అది చెప్పడానికే అనుకుంది ఈ గుమ్మం ఎక్కేదాకా.

"పోయిన విడుదలలో టైపు వరస తీసేశారు కదండీ," అంది.

"తీసేశారు. రమేష్‌బాబు గారు."

"ఆయన కాదండి," అంది సుహాసిని. "నేను. ముందు అది రాసుకోండి."